లైవ్ మైలేజీ అంకెను ఎలా చదవాలి, దాన్నిబట్టి డ్రైవింగ్ ఎలా మార్చుకోవాలి

మీరు అడిగినదాన్ని ముందుగా నాకు అర్థమైనట్టు చెబుతాను. మీ ఇల్లు విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర, ఆఫీసు గన్నవరంలో. రానుపోను సుమారు 40 కిలోమీటర్లు. కారు 1.2 లీటర్ల పెట్రోలు హ్యాచ్‌బ్యాక్. కంపెనీ 22 పైచిలుకు మైలేజీ చెప్పింది, మీకు 14, 15 దగ్గరే ఆగిపోతోంది. డ్యాష్‌బోర్డులో లైవ్ మైలేజీ 5 నుంచి 40 దాకా ఊగిసలాడుతోంది, దాన్ని చూసి ఏం నేర్చుకోవాలో తెలియడం లేదు. పైగా మీరు కొన్న బ్లూటూత్ ఓబీడీ పరికరం (కారు కంప్యూటర్‌లోని ఇంజిన్ సమాచారాన్ని ఫోన్‌లోని యాప్‌కు పంపేది) ఒక లెక్క, డ్యాష్‌బోర్డు మరో లెక్క, బంకు బిల్లు ఇంకో లెక్క చెబుతున్నాయి.

ఇంజిన్ డయాగ్నస్టిక్స్ పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. లైవ్ డేటాను చూస్తూ డ్రైవింగ్ మెరుగుపరచుకున్నవాళ్లనూ చూశాను, అదే డేటాను చూసి తప్పుడు అలవాట్లు చేసుకున్నవాళ్లనూ చూశాను. రెండోవాళ్లందరూ చేసే పని ఒకటే. క్షణక్షణం మారే ఆ కిలోమీటర్/లీటర్ అంకెను ఎలాగైనా పెంచాలని చూస్తారు. మీరు ఆ పని చేయకండి. ఒక నిర్దిష్టమైన దారికి మొత్తం ఎన్ని మిల్లీలీటర్ల పెట్రోలు ఖర్చయిందో చూడండి. లైవ్ అంకె ఆ ఖర్చు ఎక్కడ జరిగిందో చూపించడానికి మాత్రమే.

కారణం చెబుతాను. లైవ్ మైలేజీ అంటే ఆ క్షణంలో మీ వేగాన్ని, ఇంజిన్ గంటకు తాగుతున్న లీటర్లతో భాగించగా వచ్చినది. సిగ్నల్ దగ్గర ఆగితే వేగం సున్నా కాబట్టి అంకె సున్నా. కదిలేటప్పుడు వేగం తక్కువ, పెట్రోలు ఎక్కువ కాబట్టి 3 లేదా 4. యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే ఒక్కసారిగా 40కో, 99కో వెళ్తుంది. వీటిలో ఏ ఒక్కటీ మీరు బాగా నడుపుతున్నారా లేదా అన్నది చెప్పదు. కదిలేటప్పుడు 4 చూపించడం తప్పు కాదు. టన్ను బరువున్న కారును నిలబడిన చోటునుంచి లేపాలంటే ఎవరికైనా అంత ఖర్చవుతుంది. ఆ 4ను చూసి భయపడి, యాక్సిలరేటర్‌ను తాకీ తాకనట్టు నొక్కుతూ రెండో గేరులో ఫర్లాంగు దూరం పాకేవాళ్లున్నారు. స్క్రీన్ మీద 4 బదులు 7 కనిపిస్తుంది, కానీ 7 కనిపించినంతసేపూ ఇంజిన్ తనకు అనుకూలం కాని స్థితిలో నడుస్తూ ఉంటుంది. చివరికి అదే వేగానికి చేరేసరికి మొత్తం ఖర్చు తగ్గదు, చాలాసార్లు పెరుగుతుంది కూడా.

ఇంకో చిక్కు సగటు తీయడంలో ఉంది. 10 కిలోమీటర్లు లీటరుకు 10 చొప్పున, తరువాతి 10 కిలోమీటర్లు లీటరుకు 30 చొప్పున వెళ్లారనుకోండి. సగటు 20 అనిపిస్తుంది. లెక్క వేయండి: మొదటి ముక్కకు ఒక లీటరు, రెండోదానికి మూడోవంతు లీటరు, మొత్తం 1.33 లీటర్లు. 20 కిలోమీటర్లను 1.33తో భాగిస్తే వచ్చేది 15. అంటే మంచిగా వెళ్లిన 10 కిలోమీటర్లను ఇంకా మెరుగుపరిచి 30ని 40 చేసుకున్నా మిగిలేది 83 మిల్లీలీటర్లే. చెడ్డగా వెళ్లిన భాగంలో 10ని 12 చేసుకుంటే 167 మిల్లీలీటర్లు మిగులుతాయి. శ్రమ ఎక్కడ పెట్టాలో దీన్నిబట్టే తెలుస్తుంది. అందుకే మీ యాప్‌లో యూనిట్లను వీలైతే 100 కిలోమీటర్లకు లీటర్లుగా మార్చుకోండి, లేదా కిలోమీటరుకు మిల్లీలీటర్లుగా ఆలోచించండి. లీటరుకు 14.5 అంటే కిలోమీటరుకు 69 మి.లీ. ఆఫీసుకు వెళ్లే 20 కిలోమీటర్లకు సుమారు 1,380 మి.లీ. ఇకనుంచి మీరు గుర్తుంచుకోవలసింది ఈ 1,380నే.

మన ఆర్టీసీ డిపోల్లో కేఎంపీఎల్ (లీటరుకు ఎన్ని కిలోమీటర్లు) అనే మాట మీరు వినే ఉంటారు. ప్రతి బస్సుకూ పోసిన డీజిల్, తిరిగిన కిలోమీటర్లు, నడిపిన డ్రైవరు పేరు రాసి పెడతారు. ఎవరి కేఎంపీఎల్ బాగుందో, ఎవరిది తగ్గిందో డిపోలో అందరికీ తెలుస్తుంది. తగ్గినవారికి శిక్షణ ఇస్తారు, బాగున్నవారిని సత్కరిస్తారు. బస్సుల్లో లైవ్ అంకెలు చూపించే తెరలు లేని కాలంనుంచే ఈ పద్ధతి ఉంది. ఒకే రూటు, ఒకే రకం బస్సు, మొత్తం డీజిల్. ఆ మూడూ ఉంటే ఏ డ్రైవరు పాదం ఎలా పనిచేస్తోందో బయటపడుతుంది. మీ దగ్గర దానికి అదనంగా ఓబీడీ ఉంది కాబట్టి ఖర్చు ఎక్కడ జరిగిందో కూడా చూడగలరు.

ఇప్పుడు మూడు లెక్కలు ఎందుకు కలవడం లేదో చూద్దాం. ఇంజిన్‌లోకి పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్ ఎన్ని మిల్లీసెకన్లు తెరుచుకుందో కారు కంప్యూటర్‌కు తెలుసు, దాన్నిబట్టి డ్యాష్‌బోర్డు లెక్క వేస్తుంది. ఇది నిలకడగానే ఉంటుంది కానీ చాలా కార్లలో కొంచెం ఉదారంగా చూపిస్తుంది. మీ ఓబీడీ యాప్‌కు మాత్రం సాధారణంగా ఇంజెక్టర్ సమాచారం అందదు. కొన్ని కార్లు ఇంజిన్ ఫ్యూయల్ రేట్ అనే విలువను నేరుగా ఇస్తాయి. ఇచ్చేదైతే అదే వాడండి, మిగతాదంతా వదిలేయండి. ఇవ్వకపోతే యాప్ గాలిని కొలిచి పెట్రోలును ఊహిస్తుంది.

ఆ ఊహ ఎలా సాగుతుందో ఒక ఉదాహరణ. మీరు 50 కి.మీ. వేగంతో నిలకడగా వెళ్తున్నారు, ఇంజిన్ సెకనుకు 5 గ్రాముల గాలి పీలుస్తోంది. గంటకు 18,000 గ్రాములు. స్వచ్ఛమైన పెట్రోలు పూర్తిగా మండడానికి దాని బరువుకు 14.7 రెట్ల గాలి కావాలి కాబట్టి 18,000ను 14.7తో భాగిస్తే 1,224 గ్రాముల పెట్రోలు. లీటరు పెట్రోలు బరువు సుమారు 745 గ్రాములు, అంటే గంటకు 1.64 లీటర్లు. 50ని 1.64తో భాగిస్తే లీటరుకు 30.4. యాప్ మీకు ఈ 30.4 చూపిస్తుంది.

కానీ మనం ఇప్పుడు పోయించుకుంటున్నది స్వచ్ఛమైన పెట్రోలు కాదు. 20 శాతం ఇథనాల్ కలిసిన ఈ20. ఇథనాల్‌లో ఆక్సిజన్ ముందే ఉంటుంది కాబట్టి అది మండడానికి బరువుకు 9 రెట్ల గాలి చాలు. రెండూ కలిసిన ఈ20కి ఈ నిష్పత్తి దాదాపు 13.5కు దిగుతుంది, లీటరు బరువు 754 గ్రాముల దగ్గరకు పెరుగుతుంది. అదే 18,000 గ్రాముల గాలికి ఇప్పుడు లెక్క గంటకు 1.77 లీటర్లు, మైలేజీ 28.3. అంటే యాప్ సెట్టింగుల్లో 14.7 అలాగే ఉంచేస్తే మీ పరికరం 7 శాతానికి పైగా తక్కువ ఖర్చు చూపిస్తూ ఉంటుంది. యాప్‌లో ఇంధనం రకం, గాలి–ఇంధన నిష్పత్తి మార్చుకునే చోటు ఉంటే ముందు అది సరిచేయండి. మైలేజీ తగ్గడంలో కూడా ఈ20 పాత్ర ఉంది. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలుతో పోలిస్తే మూడోవంతు తక్కువ, కాబట్టి 20 శాతం కలిపితే లీటరుకు ఆరేడు శాతం శక్తి తగ్గుతుంది. ఆ మేరకు తగ్గిన మైలేజీకి మీ డ్రైవింగును నిందించుకోవద్దు.

మన దగ్గర అమ్ముడయ్యే చిన్న కార్లలో చాలావాటికి గాలిని నేరుగా తూచే మాస్ ఎయిర్ ఫ్లో సెన్సర్ ఉండదు. మానిఫోల్డ్ (సిలిండర్లకు గాలి వెళ్లే గొట్టం) పీడనం, గాలి ఉష్ణోగ్రత, ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) చూసి గాలి ఎంతో అంచనా వేసుకుంటాయి. అలాంటి కార్లలో యాప్ మిమ్మల్ని ఇంజిన్ సామర్థ్యం, వాల్యూమెట్రిక్ ఎఫిషియెన్సీ అడుగుతుంది. ఈ రెండోది సిలిండరు తన పరిమాణంలో ఎంత శాతం గాలిని నిజంగా నింపుకుంటోందో చెప్పే అంకె. 80 లేదా 85 పెట్టి మొదలుపెట్టండి, తరువాత బంకు లెక్కతో సరిచేయవచ్చు.

డీజిల్ కారున్న స్నేహితులెవరైనా ఇదే పరికరం అడిగితే ఒక హెచ్చరిక చెప్పండి. డీజిల్ ఇంజిన్ ఎప్పుడూ అవసరానికి మించిన గాలితోనే నడుస్తుంది, కాబట్టి గాలిని కొలిచి ఇంధనం ఊహించే పద్ధతి అక్కడ పూర్తిగా తప్పుతుంది. ఇంధన పరిమాణాన్ని నేరుగా చదవగలిగితేనే ఆ అంకెను నమ్మాలి.

పరికరం గురించి రెండు మాటలు. 2013 ఏప్రిల్ తరువాతి కార్లలో ఓబీడీ–2 ఉంటుంది కాబట్టి స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్ మీకు దొరికే ఉంటుంది. ఈఎల్ఎం327 అనే చిప్పుతో చవకగా దొరికే ఓబీడీ పరికరాల్లో నకిలీ చిప్పులు చాలా ఉన్నాయి. 2.1 వెర్షన్ అని రాసి ఉన్నవి ఎక్కువగా కొన్ని ఆదేశాలకు స్పందించవు, మధ్యలో ఆగిపోతాయి. ఇంకా ముఖ్యమైనది వేగం. ఇవి సెకనుకు కొన్ని విలువలే తేగలవు. మీరు యాప్‌లో పదిహేను గేజీలు పెట్టుకుంటే ఒక్కొక్కటీ ఎప్పుడో గానీ తాజా అవదు, ఇంధనం లెక్క మొత్తం గాడి తప్పుతుంది. వేగం, ఆర్‌పీఎం, గాలి లేదా మానిఫోల్డ్ పీడనం, గాలి ఉష్ణోగ్రత, కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) ఉష్ణోగ్రత ఉంటే చాలు. కారు వారం రోజులు కదలకుండా ఉంటుందనుకుంటే పరికరం పీకేయండి, బ్యాటరీని కొద్దికొద్దిగా తింటూనే ఉంటుంది.

సరిచేసే పద్ధతి ఫుల్ ట్యాంకుదే. ఒకే బంకు, ఒకే పంపు, కారు ఒకే దిశలో నిలబెట్టి, ఆటో కట్ అయిన వెంటనే ఆపించండి. రౌండ్ ఫిగర్ కోసం పైన ఇంకాస్త పోయించుకునే అలవాటు ఉంటే మానేయండి. కట్ ఆఫ్ ఒక్కోసారి ఒక్కో చోట జరుగుతుంది కాబట్టి ఒక్క ట్యాంకు లెక్కను నమ్మడానికి లేదు. కనీసం మూడు ట్యాంకులు కలిపి చూడండి. బంకు లెక్క 30 లీటర్లు, యాప్ లెక్క 27 అయితే యాప్‌లోని సవరణ విలువను 1.11తో గుణించండి. అంతే, ఇక దాని మొత్తాలను నమ్మవచ్చు. ఓడోమీటర్‌ను కూడా ఒకసారి జీపీఎస్‌తో పోల్చండి, ముఖ్యంగా కంపెనీ సైజు కాకుండా వేరే సైజు టైర్లు వేయించి ఉంటే.

కంపెనీ చెప్పిన 22 సంగతి కూడా ఇక్కడే. అది అబద్ధం కాదు, పరిస్థితి వేరు. ఆ పరీక్షను ప్రయోగశాలలో రోలర్ల మీద, ఏసీ ఆపి, ముందే నిర్ణయించిన వేగాల వరుసలో చేస్తారు. 1,180 సెకన్లు, దాదాపు 10.6 కిలోమీటర్లు, గరిష్ఠ వేగం 90. మే నెలలో రామవరప్పాడు రింగ్ దగ్గర ఏసీ వేసుకుని నిలబడటం ఆ పరీక్షలో లేదు. కాబట్టి మీరు మీ 1,380 మి.లీ.తోనే పోటీ పడండి.

ఇక డ్రైవింగ్. అన్నిటికన్నా పెద్ద పొదుపు బ్రేకులో ఉంది. దీన్ని కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే లైవ్ తెర మీద ఇది కనిపించదు. బ్రేకు వేస్తున్నప్పుడు అంకె 99 చూపిస్తుంది, చూసేవారికి అప్పుడు ఏ ఖర్చూ లేదనిపిస్తుంది. నిజానికి ఖర్చు అంతకుముందే జరిగిపోయింది. మనిషితో కలిపి 1,000 కిలోల కారు 60 కి.మీ. వేగంలో ఉంటే దాని గమన శక్తి సుమారు 139 కిలోజౌళ్లు. లీటరు పెట్రోలులో ఉండే దాదాపు 32 మెగాజౌళ్లలో చక్రాలకు చేరేది నాలుగోవంతు అనుకుంటే, ఆ వేగం తెచ్చుకోవడానికి 17 మి.లీ. పెట్రోలు పట్టింది. బ్రేకు తొక్కి ఆగితే ఆ 17 మి.లీ. డిస్కుల్లో వేడిగా పోతుంది. 40 నుంచి ఆగితే 8 మి.లీ. 80 నుంచి ఆగితే 31 మి.లీ. వేగం రెట్టింపైతే నష్టం నాలుగు రెట్లు.

దీని అర్థం బ్రేకు వేయవద్దని కాదు, అవసరమైనప్పుడు గట్టిగా వేయవలసిందే. ఎర్ర లైటు కనిపించాక కూడా కాలు యాక్సిలరేటర్ మీదే ఉంచి, చివరి యాభై మీటర్లలో బ్రేకు తొక్కే అలవాటు మానండి అని. బెంజి సర్కిల్ నుంచి గన్నవరం దాకా ఎక్కడెక్కడ ఆగుతారో మీకు కంఠతా వచ్చి ఉంటుంది. సిగ్నల్ ఎర్రగా కనిపించిందా, లేదా ముందు బస్సు ఇండికేటర్ వేసిందా, అక్కడే కాలు తీసేయండి, గేరు మాత్రం అలాగే ఉంచండి. గేరులో ఉండి కాలు తీసినప్పుడు ఇంజిన్ ఆర్‌పీఎం సుమారు 1,200–1,500 కన్నా పైన ఉన్నంతసేపు కంప్యూటర్ ఇంజెక్టర్లను పూర్తిగా ఆపేస్తుంది. కారు వేగమే ఇంజిన్‌ను తిప్పుతుంది, పెట్రోలు సున్నా. న్యూట్రల్ చేస్తే మాత్రం ఇంజిన్ ఆగిపోకుండా ఉండటానికి పెట్రోలు పోస్తూనే ఉండాలి. మీ యాప్ గాలి ఆధారంగా లెక్క వేసేదైతే ఇంజెక్టర్లు ఆగినప్పుడు కూడా కొంత ఖర్చు చూపిస్తుంది. అప్పుడు డ్యాష్‌బోర్డు అంకెనే నమ్మండి. కొన్ని యాప్‌లలో ఈ పరిస్థితిని గుర్తించే సెట్టింగు ఉంటుంది, ఉంటే ఆన్ చేయండి.

ఈ సందర్భంలో ఒక మాట కచ్చితంగా చెప్పాలి. తిరుమల నుంచి దిగేటప్పుడు, శ్రీశైలం, మారేడుమిల్లి, అనంతగిరి ఘాట్లలో పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో దిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పెట్రోలు మిగలకపోగా ఇంజిన్ బ్రేకింగ్ పోతుంది, బ్రేకులు వేడెక్కి పట్టు వదిలేస్తాయి. ఇంజిన్ ఆపి దిగేవాళ్లకైతే బ్రేకు బూస్టర్, పవర్ స్టీరింగ్ కూడా ఉండవు. దయచేసి ఎవరూ ఆ పని చేయవద్దు. రెండో గేరులో, మూడో గేరులో దిగండి, ఇంజెక్టర్లు ఎలాగూ ఆగే ఉంటాయి.

తరువాతిది గేరు. పెట్రోలు ఇంజిన్ తక్కువ ఆర్‌పీఎంలో, యాక్సిలరేటర్ మధ్యస్థంగా నొక్కి ఉన్నప్పుడు బాగా పనిచేస్తుంది. ఎక్కువ ఆర్‌పీఎంలో, యాక్సిలరేటర్ కొంచెమే తెరిచినప్పుడు లోపలి ఘర్షణకు, గాలిని సన్నని దారిలోంచి పీల్చుకోవడానికే చాలా శక్తి పోతుంది. మీలాంటి 1.2 లీటర్ల కారులో 50 కి.మీ. వేగానికి మూడో గేరులో దాదాపు 2,500, నాలుగులో 1,900, ఐదులో 1,500 ఆర్‌పీఎం ఉంటుంది. కారును బట్టి కొంచెం అటూ ఇటూ. ఎనికేపాడు దాటాక రోడ్డు ఖాళీగా దొరికినప్పుడు ఈ మూడు గేర్లలో ఒక్కొక్క నిమిషం నిలకడగా 50లో వెళ్లి యాప్‌లో గంటకు లీటర్లు చూడండి. అంకె ఎంత పడిపోతుందో మీ కళ్లతోనే చూస్తారు. లైవ్ అంకె నిజంగా నేర్పేది ఇలాంటి చోటే, వేగం మారకుండా ఒక్క విషయం మాత్రం మారినప్పుడు.

కదిలేటప్పుడు యాక్సిలరేటర్ మధ్యస్థంగా నొక్కి, 2,000–2,500 మధ్య గేరు మారుస్తూ త్వరగా పై గేరుకు వెళ్లండి, కావలసిన వేగం రాగానే కాలు తేలిక చేయండి. పూర్తిగా తొక్కకండి. పూర్తిగా తొక్కినప్పుడు కంప్యూటర్ ఇంజిన్‌ను కాపాడటానికి పెట్రోలు మోతాదు పెంచేస్తుంది, అప్పుడు గాలి–ఇంధన నిష్పత్తి 13 లోపుకు దిగుతుంది. అలాగే ఐదో గేరులో 1,200 ఆర్‌పీఎం మీద ఇంజిన్ గునుస్తుంటే ఓవర్‌టేక్ చేయబోవద్దు. గేరు దించండి. ఇంజిన్ కొట్టుకుంటున్నట్టు శబ్దం వస్తే పొదుపు జరగడం లేదని అర్థం.

హైవే వేగం గురించి పెద్దగా చెప్పనవసరం లేదు, ఒక్క లెక్క చాలు. గాలి నిరోధం వేగం వర్గంతో పెరుగుతుంది. 80 నుంచి 100కు పోతే 56 శాతం ఎక్కువ. మీలాంటి చిన్న కారు 80లో నిలకడగా 22 ఇస్తే 100లో 18 దగ్గరకు దిగడం మామూలే. హైదరాబాద్ ప్రయాణంలో ప్రతి 100 కిలోమీటర్లకు లీటరు తేడా. దానికి బదులు దొరికేది పావుగంట. ఏది కావాలన్నది ఆ రోజు అవసరాన్నిబట్టి మీరే తేల్చుకోవాలి.

సిగ్నల్ దగ్గర యాప్‌లో గంటకు లీటర్లు చూడండి. ఏసీ లేకుండా 0.6, 0.7 ఉండి, కంప్రెసర్ అందుకోగానే 1 దాటుతుంది. కంప్రెసర్ ఆగీ అందుకోవడం ఆ అంకెలో స్పష్టంగా కనిపిస్తుంది. ఏసీతో 90 సెకన్లు నిలబడితే 25 మి.లీ. అంటే 60 నుంచి ఒకసారి బ్రేకు వేసి ఆగినదానికన్నా ఎక్కువ. ఇంజిన్ మళ్లీ స్టార్ట్ చేయడానికి అయ్యే ఖర్చు సుమారు పది సెకన్ల ఐడ్లింగ్ (కదలకుండా ఇంజిన్ నడవడం) అంత. టైమరు 30 సెకన్లకు మించి చూపిస్తుంటే ఆపేయడం లాభం. ఎండాకాలంలో పిల్లలు, పెద్దవాళ్లు కారులో ఉంటే మాత్రం ఈ 25 మి.లీ. గురించి ఆలోచించకండి. ఎండలో నిలిపిన కారు ఎక్కగానే కిటికీలు దించి ఒక నిమిషం వేడి గాలి పోనిచ్చి, అప్పుడు ఏసీ వేయండి. కంప్రెసర్ అంత కష్టపడదు.

చల్లటి ఇంజిన్ మొదటి రెండు మూడు కిలోమీటర్లు ఎక్కువే తాగుతుంది. నిలబెట్టి వేడి చేయడం దండగ, స్టార్ట్ చేసి నెమ్మదిగా కదలండి. దగ్గరి పనులు ఒకే విడతలో చేసుకుంటే ఇంజిన్ వేడిగానే ఉంటుంది. టైర్లలో గాలి ఉదయం చల్లగా ఉన్నప్పుడు డోరు పక్కన స్టిక్కరు మీద రాసినంత పెట్టించండి. డిక్కీలో ఏళ్ల తరబడి తిరుగుతున్న సామాను తీసేయండి.

అభ్యాసం ఇలా చేయండి. ఒక వారం ఏమీ మార్చకుండా మామూలుగా నడిపి, ఇంటినుంచి ఆఫీసుకు ట్రిప్పు మొత్తం మిల్లీలీటర్లు రాసుకోండి. బయలుదేరే సమయం ఒకటే ఉండాలి. రెండో వారం ఒకే ఒక్క అలవాటు మార్చండి, ముందుగా కాలు తీయడం. మూడో వారం దాన్ని కొనసాగిస్తూ గేరు సంగతి చూడండి. అన్నీ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. ట్రాఫిక్ జామ్ అయిన రోజునూ, వర్షం పడ్డ రోజునూ లెక్కలోంచి తీసేయండి. డ్రైవింగ్ చేస్తూ ఫోన్ చూడవద్దు. యాప్ లాగ్ రికార్డు చేస్తుంది, ఇంటికి వచ్చాక గ్రాఫు తెరిచి వేగం ఎక్కడ హఠాత్తుగా పడిందో, దాని ముందు పెట్రోలు ఎంత పోసిందో చూసుకోండి. అలా చూసుకున్నదే గుర్తుండిపోతుంది, రోడ్డు మీద తల వంచి చూసింది గుర్తుండదు, పైగా ప్రమాదం.

మీ దారికి 1,380 నుంచి 1,210 మి.లీ. దాకా రావడం సాధ్యమే అనుకుంటున్నాను. అంటే లీటరుకు 16.5. నెలకు 1,000 కిలోమీటర్లకు దాదాపు 8 లీటర్లు మిగులుతాయి.

ఇవన్నీ చేసినా అంకె కదలకపోతే లోపం మీ పాదంలో లేదు, కారులో వెతకండి. ఆ వెతుకులాటకూ ఇదే పరికరం పనికొస్తుంది. అరగంట నడిపాక కూడా కూలెంట్ ఉష్ణోగ్రత 70 డిగ్రీలు దాటడం లేదంటే రేడియేటర్‌కు కూలెంట్‌ను వదిలే థర్మోస్టాట్ తెరుచుకుని ఇరుక్కుపోయి ఉండవచ్చు. ఇంజిన్ ఇంకా చల్లగానే ఉందనుకుని కంప్యూటర్ అదనంగా పెట్రోలు పోస్తూ ఉంటుంది. లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ (పెట్రోలు మోతాదుకు కంప్యూటర్ చేసుకునే దీర్ఘకాల సవరణ) ఎప్పుడూ 10 శాతానికి పైనే, లేదా మైనస్ 10కి కిందే ఉంటే గాలి లీకు, ఇంజెక్టర్, ఆక్సిజన్ సెన్సర్ చూపించాలి. ఏ సెన్సరూ చెప్పనిది ఒకటుంది, బ్రేకు పట్టేయడం. పది కిలోమీటర్లు బ్రేకు పెద్దగా వాడకుండా నడిపి, ఆపిన వెంటనే నాలుగు చక్రాల దగ్గరా అరచేతిని రిమ్ముకు తాకకుండా దగ్గరగా పెట్టి చూడండి. ఒక చక్రం మిగతావాటికన్నా బాగా వేడిగా ఉంటే కాలిపర్ (బ్రేకు ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) లేదా హ్యాండ్ బ్రేకు కేబుల్ వదలడం లేదు. దాన్ని సరిచేయించాక మళ్లీ మొదటి వారం లెక్కనుంచి మొదలుపెట్టండి.